పులుపు రుచికి మాత్రమేనా?



నెల తప్పిన స్త్రీ పులుపు కోరునని మన పెద్దలందురు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములందు జొన్నరొట్టెయు, చింతపండు పచ్చిపులుసును, పుంటికూరయు నెరుగని యిల్లుండదు. ఈ పులుపు నాలుకకు రుచి గొలుపుటకు మాత్రమే యేర్పడినదని తలంపరాదు. దానియందు మన రక్తపుష్టికి సంబంధించిన రహస్యమొకటి గలదు.

చెట్లయందును, ప్రాణుల దేహములందును బుట్టు పుల్లని పదార్థములకు సేంద్రియామ్లములని పేరు. చింతపండులో ముఖ్యమైనది టార్టారికామ్లము, నిమ్మపండులోనిది సిట్రికామ్లము, పెరుగులోనిది లాక్టికామ్లము. స్వీడను దేశమునందలి షీలే యను రసాయన శాస్త్రజ్ఞుడు 1780లో పులిసిన పాలనుండి లాక్టికామ్లమును, 1784లో నిమ్మరసమునుండి సిట్రికామ్లమును వేరుచేసెను. తోడు వేసిన పాలలోని సూక్ష్మజీవులు పాలచక్కెరను లాక్టికామ్లముగా మార్చును. ఆ పులుపునందు చెరుపు చేయు క్రిములు పెక్కు వృద్ధిపొందజాలవు. కావుననే పాలకంటె పెరుగు నిలువయుండును.

ఈ యామ్లములు వంటయింటితో నాగిపోవు. మనము తిన్న యన్నము కణములలో కడపట రెండు కర్బన పరమాణువుల తునకలై, వేరొక యామ్లముతో గలిసి సిట్రికామ్లమగును. అది క్రమముగా విడిపోవుచు శక్తి నిచ్చి, బొగ్గుపులుసుగాలిని విడిచి, మరల మొదటి యామ్లముగా మారును. గానుగయెద్దు వలె యీ చక్రము రేయింబవళ్లు తిరుగుచునే యుండును. దీనిని 1937లో ఇంగ్లండులో హాన్స్ క్రెబ్స్ కనుగొనెను. అందులకు 1953లో నోబెల్ బహుమాన మందెను.

ఇక రక్తము మాట. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57.6 మందికి రక్తహీనత గలదని తేలినది. ఆకుకూరలు, జొన్నలు, పప్పులు తినువారికి ఇనుము కొరతయేల? ధాన్యముల యందును కూరల యందును గల యినుము ప్రేగులలో సులభముగా గ్రహింపబడదు. నిమ్మ, ఉసిరిక, జామపండ్లలోని ఆస్కార్బికామ్లము, అనగా సి విటమిను, ఆ యినుమును దేహము గ్రహింపదగిన రూపమునకు దెచ్చును. సిట్రికామ్లమును దానికి తోడ్పడును. ఆస్కార్బికామ్లము మిక్కిలి సుకుమారమైనది. మరిగించినచో చాలవరకు నశించును. కాన నిమ్మరసమును పప్పు దించిన పిమ్మటనే పిండవలయును.

పుల్లని కూరను ఇనుప మూకుడులో వండినచో మూకుడునందలి యినుము కొంత కూరలో కరుగును. ఇది మేలే. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో పులుసు కాచుట మాత్రము కీడు. ఆమ్లము రాగిని కరిగించును. అట్టి పులుసు తిన్నచో వాంతులు, కడుపునొప్పి కలుగవచ్చును.

ఆమ్లములన్నియు నొక్క తీరువి కావు. పాలకూర, తోటకూర, చుక్కకూర, గంగవాయిలికూరలలోని ఆక్జాలికామ్లము సున్నపు ధాతువును పట్టి యుంచును. మూత్రపిండములలో రాళ్లున్నవారు వైద్యునడిగి వీనిని తినవలయును. భోజనముతో తేనీరు త్రాగుటయు తగదు. దానిలోని వగరు ఇనుమును బంధించును. ఒక గంట యెడమిచ్చుట మేలు.

మరియొక యామ్లము మన తెలుగువారికి గర్వకారణమైనది. అది ఫోలికామ్లము. 1941లో పాలకూర ఆకులనుండి తీయబడి, లాటిను భాషలో ఆకను నర్థమిచ్చు మాటనుండి యా పేరు వడసెను. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లే పరిశోధనాలయమువారు 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసిరి. కొత్త రక్తకణములు పుట్టుటకు అది వలయును. గర్భారంభమున అది చాలకున్నచో శిశువు వెన్నుపామునకు లోపము కలుగవచ్చును. అందువలననే నేడు ప్రభుత్వమువారు గర్భిణులకు ఇనుముతో గూర్చి ఫోలికామ్లపు మాత్రల నిచ్చుచున్నారు.

ఆ మాత్రను పాలతోగాని తేనీటితోగాని మ్రింగక, నిమ్మరసము కలిపిన నీటితో మ్రింగుడు. ఇంట గర్భిణియో, ఎదుగుచున్న యాడుపిల్లయో యున్నచో ఆమె విస్తరిలో ఆకుకూర ప్రక్కన నొక నిమ్మచెక్క నుంచుట మరువకుడు. ఖర్చు స్వల్పము, ఫలము గొప్పది.