ఫైబర్ వచ్చింది, రాబడి ఏదీ?

ఊళ్లోకి ఫైబర్ కేబుల్ వస్తే ఊరి దశ తిరుగుతుందని నమ్మేవాళ్లున్నారు. రీల్స్ చూడ్డానికి తప్ప అది దేనికీ పనికిరాదని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. మొదటి మాట ప్రభుత్వ ప్రకటనల్లో వినిపిస్తుంది, రెండోది టీకొట్టు దగ్గర. ఈ పాతికేళ్లలో దేశదేశాల్లో జరిగిన పరిశోధనలు చూస్తే రెండూ సగం సగమే నిజం. ఇంటర్నెట్ వల్ల నిజంగానే బాగుపడ్డ ఊళ్లున్నాయి. ఎందుకు బాగుపడ్డాయన్న చోటే మన అంచనాలు తప్పుతున్నాయి.

అపోహ: ధర తెలిస్తే చాలు, దళారీ బెడద వదిలిపోతుంది

ఈ నమ్మకానికి పుట్టిల్లు ఉత్తర కేరళ తీరం. 1997 జనవరిలో ఒక ఉదయం వడకర రేవులో 11 మంది మత్స్యకారులు తాము పట్టుకొచ్చిన కవళ్లను, అవే సార్డిన్ చేపలను, కొనే నాథుడు లేక పారబోశారు. అక్కడికి 15 కిలోమీటర్ల లోపు ఉన్న రేవుల్లో అదే సమయానికి 27 మంది కొనుగోలుదారులు సరుకు దొరక్క ఉత్తచేతులతో వెనుదిరగబోతున్నారు. ఆ ఏడాది మొదలుకొని 2001 వరకు ఆ తీరం వెంట ఒక్కో ప్రాంతానికీ సెల్‌ఫోన్ సిగ్నల్ వచ్చింది. సముద్రంలో 20 కిలోమీటర్ల దాకా అందేది. పడవలో ఉండగానే ఫోన్ చేసి, ఏ రేవులో గిరాకీ ఉంటే ఆ రేవుకే పడవ తిప్పడం మొదలుపెట్టారు. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సన్ 2007లో ప్రచురించిన లెక్కల ప్రకారం పడవల లాభం 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు చేప ధర 4 శాతం తగ్గింది, అంతకుముందు 5 నుంచి 8 శాతం దాకా వృథా అవుతున్న చేప దాదాపు వృథా కావడం మానేసింది. అటు అమ్మేవాడికీ ఇటు కొనేవాడికీ ఒకేసారి లాభం రావడం అరుదు. అందుకే ఈ కథ ప్రపంచమంతా తిరిగింది.

కథ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మహారాష్ట్రలో వంద గ్రామాల్లో మార్సెల్ ఫాషాం, బార్ట్ మింటెన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కొందరు రైతుల ఫోన్లకు మార్కెట్ ధరలు, వాతావరణ సమాచారం ఉచితంగా ఎస్సెమ్మెస్ చేయించారు. 2012లో ఫలితం వచ్చింది: ఆ రైతులకు దక్కిన ధరలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. పశ్చిమ బెంగాల్ ఆలుగడ్డ రైతులకు ధరలు తెలియజేసి చూసిన మరో బృందానికీ సగటు ధర పెరిగినట్టు కనబడలేదు.

కేరళలో పనిచేసిన మందు మహారాష్ట్రలో, బెంగాల్లో ఎందుకు పనిచేయలేదు? కేరళ పడవకు చుక్కాని ఉంది. ధర తెలిసిన మరుక్షణం దిశ మార్చగలదు. ఆలుగడ్డ రైతు సరుకు ఊళ్లో చిన్న వ్యాపారి చేతికి పోవాలి, అక్కడి నుంచి పెద్ద మార్కెట్‌కు. పెద్ద మార్కెట్లో ధర ఎంతుందో తెలిసినా అక్కడ నేరుగా అమ్మే దారి అతనికి లేదు. మన గుంటూరు మిర్చి రైతుకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. యార్డు ధర వాట్సాప్‌లో తెల్లారేసరికి వస్తుంది. కానీ విత్తనాలకీ పురుగుమందులకీ పెట్టుబడి ఇచ్చిన కమీషన్ ఏజెంటు ఒకడున్నప్పుడు బస్తాలు అతని దగ్గరికి కాక ఎక్కడికి పోతాయి?

కేరళ కథకూ ఇలాంటి తరువాయి భాగం ఉంది. జానకి శ్రీనివాసన్, జెన్నా బరెల్ అనే పరిశోధకులు అదే రాష్ట్రంలో దక్షిణ తీరానికి వెళ్లి చూసి, 2013లో ఫలితాలు ప్రచురించారు. అక్కడి చిన్న పడవల వాళ్లు ఫోన్ చేతిలో ఉన్నా రేవులు మార్చడం తక్కువే. పడవకూ వలకూ అప్పిచ్చిన వాళ్లకే చేప ఇవ్వాలి మరి. సమాచారం చేరినా అప్పు చిట్టా అలాగే ఉంది.

లావాదేవీ పద్ధతే మారితే మాత్రం ఫలితం వేరుగా ఉంటుంది. కర్ణాటక 2014 నుంచి తన వ్యవసాయ మార్కెట్లను ఒకే ఆన్‌లైన్ వేలం వేదిక మీదికి తెస్తూ వచ్చింది. ఒక్క లైసెన్సుతో రాష్ట్రంలో ఏ మార్కెట్లోనైనా వ్యాపారి వేలం పాడవచ్చు. తరువాత జరిగిన అధ్యయనంలో వరికి సుమారు 5 శాతం, వేరుశనగకూ మొక్కజొన్నకూ మూడున్నర శాతం చొప్పున ధర పెరిగినట్టు తేలింది. పత్తికి, పెసలకు, కందికి పెరగలేదు. తెరమీద నాణ్యత కనబడని సరుకును దూరాన కూర్చున్నవాడు ధైర్యంగా పాడలేడు కదా. 2016 ఏప్రిల్‌లో మొదలైన జాతీయ ఆన్‌లైన్ మార్కెట్ వేదిక ఈ-నామ్‌కూ నాణ్యత పరీక్ష ఇలాగే పెద్ద అడ్డంకి. తేమ కొలిచే యంత్రం, గ్రేడింగ్ చేసే మనిషి లేని మార్కెట్లో ఎంత వేగం ఇంటర్నెట్ ఉన్నా వేలం పాత పద్ధతిలోనే నడుస్తుంది.

అపోహ: మెరుపు వేగం ఇస్తే కంపెనీలు వాటంతట అవే వస్తాయి

ఈ మాట చెప్పేవాళ్లు తప్పకుండా చూపించే ఉదాహరణ అమెరికాలోని చట్టనూగ. టెనసీ రాష్ట్రంలో ఒక మోస్తరు పారిశ్రామిక నగరం. 1969లో అమెరికాలో గాలి అత్యంత మురికిగా ఉన్న ఊరని పేరు పడింది. అక్కడి కరెంటు సంస్థ ఈపీబీ ఊరి సొత్తు. 2010లో తన పరిధిలోని ప్రతి ఇంటికీ సెకనుకు ఒక గిగాబిట్ వేగం అందిస్తామని ప్రకటించింది. అప్పటికి ఆ దేశంలో ఏ పెద్ద టెలికం కంపెనీ కూడా ఒక ఊరంతటికీ అంత వేగం ఇవ్వలేదు. కేబుల్ కంపెనీలు అంతకుముందే కోర్టుకెళ్లాయి, ఓడాయి. పదేళ్ల తరువాత అక్కడి విశ్వవిద్యాలయ ఆచార్యుడు బెంటో లోబో వేసిన లెక్కలో ఊరికి చేకూరిన మేలు 269 కోట్ల డాలర్లు, వచ్చిన ఉద్యోగాలు సుమారు 9,500. సొంత ఊరి లెక్క కాబట్టి కాస్త ఉదారంగా వేసుకున్నాడనుకున్నా తక్కువేమీ కాదు.

అయితే అక్కడ ఫైబర్ వేయడానికి అసలు సాకు ఇంటర్నెట్ కాదు, కరెంటు. కేంద్రం ఇచ్చిన 11 కోట్ల డాలర్ల పైచిలుకు గ్రాంటు స్మార్ట్ గ్రిడ్ కోసం. ఫైబర్‌తో అనుసంధానమైన స్విచ్చులు లైన్లో ఎక్కడ తెగిందో తామే కనిపెట్టి, ఆ ముక్కను పక్కన పెట్టి, మిగతా వీధులకు వేరే దారిన కరెంటు మళ్లిస్తాయి. కరెంటు పోవడం తగ్గితే ఫ్యాక్టరీలో యంత్రం ఆగదు, కోల్డ్ స్టోరేజీలో సరుకు పాడవదు. లోబో లెక్కలో ఈ పొదుపు వాటా చాలా పెద్దది. గొప్పగా చెప్పుకునే గిగాబిట్ కంటే ఎవరూ పట్టించుకోని ఈ స్విచ్చులే నాకు ఆసక్తిగా తోస్తాయి. పైగా ఊరు కోలుకోవడం గిగాబిట్‌తో మొదలవలేదు. 1992లో నది ఒడ్డున పెద్ద అక్వేరియం కట్టి పాత పట్టణాన్ని మళ్లీ మనుషులు తిరిగే చోటుగా చేశారు. ఫోక్స్‌వాగన్ తన కార్ల ఫ్యాక్టరీని అక్కడ పెడతానని చెప్పింది 2008లో, అంటే గిగాబిట్‌కు రెండేళ్ల ముందే.

ఈ నమూనాను పక్క ఊళ్లకు పాకించడమూ తేలిక కాలేదు. టెనసీ చట్టం ప్రకారం ఈపీబీ తన కరెంటు పరిధి దాటి ఇంటర్నెట్ ఇవ్వకూడదు. ఆ నిబంధనను తోసిపుచ్చుతూ కేంద్ర కమ్యూనికేషన్ల సంస్థ 2015లో ఇచ్చిన ఆదేశాన్ని అప్పీలు కోర్టు 2016లో కొట్టేసింది.

అపోహ: 4జీ, 5జీ ఉండగా తీగ దేనికి?

టవర్ నుంచి మీ ఫోనుకు సిగ్నల్ గాలిలో వస్తుంది, నిజమే. ఆ టవర్‌కు ఎలా వస్తుంది? చాలాచోట్ల ఫైబర్ తీగ మీదే. తీగ లేని టవర్ మైక్రోవేవ్ డిష్ మీద ఆధారపడుతుంది. సాయంత్రం ఊరంతా ఒక్కసారిగా ఫోన్లు తెరిస్తే మొదట నీరసించేది అదే. ఇక దేశాల మధ్య నడిచే డేటా దాదాపు అంతా సముద్రం అడుగున కేబుళ్లలో పోతుంది, ఉపగ్రహాల వాటా చాలా స్వల్పం. వీడియో చూడ్డానికి ఫోన్ చాలు. డిజైన్ ఫైళ్లు, స్కాన్లు, పెళ్లి వీడియోలు పైకి పంపుతూ బతికే చిన్న వ్యాపారికి అప్‌లోడ్ ముఖ్యం. మన దేశంలో ‘బ్రాడ్‌బ్యాండ్’ అనిపించుకోవడానికి కనీస వేగం 2023 జనవరి దాకా 512 కేబీపీఎస్ ఉండేది, అప్పుడు 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. అదీ డౌన్‌లోడ్ మాటే.

అపోహ: కేబుల్ వేస్తే పని అయిపోయినట్టే

2011లో కేంద్రం ఆమోదించిన జాతీయ ఫైబర్ పథకం రెండేళ్లలో రెండున్నర లక్షల పంచాయతీలకు చేరాలి. తరువాత పేరు మార్చుకుని భారత్‌నెట్ అయింది. లక్షల కిలోమీటర్ల తీగ పరిచారు. ‘సేవకు సిద్ధం’ అన్న జాబితాలో రెండు లక్షలకు పైగా పంచాయతీలున్నాయి. సిద్ధంగా ఉండడం వేరు, పనిచేయడం వేరు అన్నది పంచాయతీ ఆఫీసులో దుమ్ము పట్టిన పెట్టెను చూసినవాళ్లకు తెలుసు.

తీగ తెగడం వింత కాదు. రోడ్డు వెడల్పు చేసే జేసీబీ, మంచినీళ్ల పైపు తవ్వకం, ఎలుక, గాలివాన. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ 2015లో మొదలైనప్పుడు ఈ తవ్వకాల బాధ, ఖర్చు తప్పించుకోవడానికి కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగింది. తెలివైన పనే. ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ కలిపి నెలకు 149 రూపాయలకు ఇవ్వగలిగింది. కానీ తుపాను తీరంలో స్తంభం పడితే దానితోపాటే తీగా పడుతుంది.

పడ్డాక ఏం జరుగుతుందో చూడండి. ఇంట్లో బాక్సు మీద ఎర్రలైటు. కేబుల్ ఆపరేటరుకు ఫోన్. అతని దగ్గర ఓటీడీఆర్ అనే పరికరం ఉంటే కాంతిని తీగలోకి పంపి ఎన్ని మీటర్ల దగ్గర తెగిందో చెప్పేస్తుంది, లేకపోతే స్తంభం స్తంభానికీ చూసుకుంటూ పోవాలి. దొరికాక తొడుగు ఒలిచి, వెంట్రుక మందం గాజు పోగును స్పిరిట్‌తో తుడిచి, చివర నిటారుగా కోసి, స్ప్లైసింగ్ మెషీన్లో రెండు కొనలూ ఎదురెదురుగా పెడతారు. చిన్న విద్యుత్ మెరుపుతో అవి కరిగి అతుక్కుంటాయి. అతుకు దగ్గర ఎంత కాంతి పోతోందో తెరమీద అంకె కనిపిస్తుంది. 0.02 డెసిబెల్ వస్తే సరే. దుమ్ము పడి ఎక్కువొస్తే కోసి మళ్లీ మొదటి నుంచి. ఈ పని వచ్చిన కుర్రాడు మండలానికి ఒక్కడే ఉంటే, ఆ రోజు అతను పెళ్లికి వెళ్తే, ఊరి ‘డిజిటల్ ఆర్థిక వ్యవస్థ’ మర్నాటి దాకా ఆగుతుంది. 2023 ఆగస్టులో కేంద్రం 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరణ పథకంలో రెండు మంచి మార్పులున్నాయి. ఒకటి, తీగను ఒకే వరుసలో కాకుండా వలయంగా కలపడం, ఒకవైపు తెగినా రెండో వైపు నుంచి సిగ్నల్ రావడానికి. రెండోది, పదేళ్ల నిర్వహణ ఖర్చును ముందే లెక్కలో కలపడం. పన్నెండేళ్లు పట్టింది ఈ సంగతి కాగితం మీదికి ఎక్కడానికి.

అపోహ: నెట్ ఉంటే ఊరి సరుకు ప్రపంచమంతా అమ్ముకోవచ్చు

కోనసీమలో మోరి, మోరిపోడు గ్రామాలకు 2016 డిసెంబరులో ఇంటింటికీ ఫైబర్ ఇచ్చి రాష్ట్రానికి నమూనాగా చూపించారు. మోరిది జీడిపప్పుకు పేరున్న ఊరు. జీడిపప్పును పరిమాణాన్ని బట్టి 210, 240, 320 అని గ్రేడు కడతారు. ఒక పౌనుకు ఎన్ని గుండ్లు తూగుతాయో ఆ అంకె, కాబట్టి అంకె చిన్నదైతే పప్పు పెద్దది. వీడియో కాల్లో కొనేవాడికి 210 రకం చూపించడం తీగ చేసిపెడుతుంది. మిగతాది? ప్యాకెట్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉండాలి. చెప్పిన గ్రేడులో బద్దలు కలవకుండా చూసుకోవాలి. గాలి చొరబడని ప్యాకింగ్ కావాలి. కొరియర్ వాడు ఊళ్లోకి రావాలి. ఆన్‌లైన్ వేదికల్లో అమ్మాలంటే ఎంత చిన్న వ్యాపారికైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరిగా ఉండేది. 2023 అక్టోబరు 1 నుంచి పరిమితి లోపు టర్నోవరు ఉన్నవాళ్లకు సడలించారు, అదీ సొంత రాష్ట్రంలో అమ్మితేనే. అంటే పక్కనున్న హైదరాబాద్‌కు ఒక కిలో పంపాలన్నా ఆ సడలింపు వర్తించదు. ఈ చిక్కు ఏ ఫైబర్‌తోనూ తీరదు.

అపోహ: టెక్నాలజీ చదువుకున్నవాళ్లకే

దీనికి ఒకే జవాబు లేదు. నార్వేలో 2000 తర్వాత బ్రాడ్‌బ్యాండ్ విస్తరించినప్పుడు నైపుణ్యమున్నవాళ్ల ఉత్పాదకత, జీతాలు పెరిగాయి. రోజూ ఒకే రకం పని చేసే తక్కువ చదువు వాళ్లు నష్టపోయారు. ఆఫ్రికా తీరానికి సముద్ర కేబుళ్లు చేరాక అక్కడి 12 దేశాల మీద యోనస్ హ్యోర్ట్, యోనస్ పౌల్సన్ 2019లో ప్రచురించిన పరిశోధనలో మాత్రం తక్కువ చదువు ఉన్నవాళ్లకు కూడా ఉద్యోగాలు పెరిగాయి. నార్వేలో ఉన్న పనినే యంత్రం మింగింది. ఆఫ్రికాలో అంతకుముందు లేని సంస్థలు పుట్టుకొచ్చి కొత్త పని పుట్టించాయి. మన జిల్లా దేనికి దగ్గరో చూసుకోవాలి.

అపోహ: డేటా సెంటర్ వస్తే ఇంటికో ఉద్యోగం

2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో గిగావాట్ స్థాయి డేటా కేంద్రాన్ని, సముద్ర కేబుల్ కేంద్రాన్ని కడతానని ప్రకటించింది. కట్టేటప్పుడు వేలమందికి పని ఉంటుంది. కట్టాక పెట్టుబడితో పోలిస్తే మనుషులు తక్కువ: ఎలక్ట్రీషియన్లు, కూలింగ్ టెక్నీషియన్లు, సర్వర్లు మార్చేవాళ్లు, భద్రతా సిబ్బంది. అమెరికాలో డేటా సెంటర్ల రాజధానిలాంటి వర్జీనియాలోని లౌడన్ కౌంటీ బాగుపడింది ఉద్యోగాల వల్ల కాదు, పన్నుల వల్ల. భవనాల మీదే కాక లోపలి కంప్యూటర్ పరికరాల మీద కూడా అక్కడ పన్ను ఉంది, స్కూళ్లు ఆ డబ్బుతో నడుస్తున్నాయి. కాబట్టి విశాఖ వాళ్లు ‘ఎన్ని ఉద్యోగాలు?’ అని అడగడం కంటే భూమికీ కరెంటుకూ ఇచ్చే రాయితీలు ఎన్నేళ్లో, ఆ తర్వాత నగరపాలక సంస్థ ఖజానాకు ఏడాదికి ఎంత జమవుతుందో, చల్లబరిచే నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారో, గాజువాక ఐటీఐ పిల్లలకు కూలింగ్ పని ఎవరు నేర్పుతారో అడిగితే పనికొచ్చే జవాబులు దొరుకుతాయి.