వర్తకపు ఒడంబడికలు – ప్రజావాణి

మంచిర్యాల జిల్లాలో శ్రీరాంపూర్ అను బొగ్గుగనుల ఊరు కలదు. అచ్చట రాత్రి షిఫ్టు ముగించుకొని గని వెలుపలికి వచ్చిన కార్మికుడు మొదట కోరునది ఒక గ్లాసెడు చాయ. అందలి పాలు సమీప గ్రామముల నుండి వచ్చినచో, రెండు మూడు బర్రెలు గల యొక కుటుంబమునకు ఆ పాలసొమ్మే దినవెచ్చము. ఇంట వృద్ధురాలైన తల్లి యున్నచో ఆమెకు రక్తపుపోటు మాత్రలు నెలనెలా కొనవలెను. పాలధరయు మాత్రల ధరయు అంగడిలోనే నిర్ణయమగునని తోచును. కాని వాని మూలములు కొన్ని పలుదేశముల ప్రతినిధులు కూర్చుండు చర్చామందిరములలో నుండును.

ఒక దేశపు సరకు మరియొక దేశమున ప్రవేశించునప్పుడు చెల్లింపవలసిన పన్నును దిగుమతి సుంకమందురు. ఇట్టి సుంకములను తగ్గించుకొనుటకును, వర్తక నియమములను ఏర్పరచుకొనుటకును దేశములు చేసికొను కట్టుబాటే వర్తకపు ఒడంబడిక. దానివలన కొన్ని వస్తువులు చౌక యగును. మన సరకులకు పరదేశపు విపణులు తెరచుకొనును. అయితే లాభనష్టములు అందరికిని సమముగా రావు. నష్టపడువారు చర్చలలో లేనిచో వారి మాట చెప్పువా రెవరు?

2012 నవంబరులో ఆగ్నేయాసియా కూటమిలోని 10 దేశములును, భారతము, చైనా, జపాను, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండులును కలసి అట్టి గొప్ప ఒడంబడిక యొకదానికి చర్చలు తలపెట్టినవి. దానిని 'ఆర్.సి.ఇ.పి.' యని వ్యవహరింతురు. 2017 జూలైలో ఈ 16 దేశముల ప్రతినిధులు హైదరాబాదున సమావేశమైరి. చర్చల ముసాయిదాను మాత్రము ప్రజలకు ప్రకటింపలేదు.

రైతుల భయము పాలను గూర్చినది. ప్రపంచమున అన్నిటికంటె ఎక్కువ పాలు ఉత్పత్తి చేయు దేశము భారతమే. కాని ఇచ్చటి పాడి ముఖ్యముగా చిన్న కుటుంబముల చేతిలో నున్నది. న్యూజిలాండులో జనసంఖ్య స్వల్పము, పాడిమందలు పెద్దవి. అచ్చటి పాలలో అధికభాగము పొడిగను వెన్నగను విదేశములకు పోవును. సుంకము తొలగినచో ఆ పాలపొడి చౌకగా వచ్చి మన పాలధరను పడగొట్టునని రైతుసంఘములు వాదించినవి.

రోగుల భయము మందులను గూర్చినది. కొత్త మందును కనిపెట్టిన సంస్థ దాని గుణమును పరీక్షలచే నిరూపించును. పేటెంటు అడ్డు లేనప్పుడు ఇతర సంస్థలు ఆ పరీక్షల ఆధారముననే అనుమతి పొంది, అదే మందును చౌకగా తయారుచేయును. ఆ పరీక్షాఫలితములను కొన్ని సంవత్సరములవరకు ఇతరులు ఆధారముగా గొనరాదనియు, పేటెంటు గడువును పొడిగింపవలెననియు కొన్ని దేశములు ప్రతిపాదించినట్లు, బయటపడిన ముసాయిదా భాగముల వలన 2015లో తెలిసినది.

ఇట్టి సమయమున ముందుకు వచ్చినవి పౌరసంఘములు. ప్రభుత్వమునకుగాని వ్యాపారసంస్థలకుగాని చెందక, ప్రజలు తమంత తాము ఏర్పరచుకొన్న సంఘములివి. వీని మొదటి పని చదువుట: క్లిష్టమైన నిబంధనను విడమరచి, దానివలన ఎవరింట ఏమి మారునో తెలుపుట. రెండవది వినుట: రైతుల, కార్మికుల, రోగుల అనుభవములను సేకరించుట. మూడవది వినిపించుట: ఆధారములతో కూడిన వినతులను ప్రభుత్వమునకు అందజేయుట. నాల్గవది ఇతర దేశముల సంఘములతో చేయి కలుపుట. హైదరాబాదు చర్చల వేళ ఇతర రాష్ట్రముల నుండియు, విదేశముల నుండియు వచ్చిన సంఘములవారు ఆ నగరముననే ప్రజాసభలు జరిపిరి.

ఈ మార్గము కొత్తది కాదు. 2001 నవంబరులో దోహా నగరమున ప్రపంచ వాణిజ్య సంస్థలోని దేశములు, పేటెంటు నియమములు ప్రజారోగ్య రక్షణకు అడ్డు కారాదని ప్రకటించినవి. ఎయిడ్స్ వ్యాధితో తల్లడిల్లుచున్న ఆఫ్రికా దేశముల వాదమునకు అప్పుడు రోగుల సంఘములును, వైద్యసేవా సంస్థలును అండగా నిలిచినవి.

2019 నవంబరు 4వ తేదీన బ్యాంకాకులో భారత ప్రధాని ఆర్.సి.ఇ.పి.లో చేరబోమని ప్రకటించెను. తక్కిన 15 దేశములు 2020 నవంబరు 15న సంతకములు చేసినవి. ఇది పౌరసంఘముల విజయము మాత్రమే యనుట సరికాదు. చైనాతోగల వర్తకపు లోటును, పరిశ్రమల ఆందోళనయు గూడ కారణములే. చేరకుండుటచే మన ఎగుమతులకు విశాలమైన విపణి దూరమయ్యెనని వాదించు ఆర్థికవేత్తలును కలరు. ఏ పక్షము సరియైనదైనను, ఒడంబడికచే బాధపడుదుమని తలచినవారి మాట చర్చలో వినబడుట న్యాయము.

భూగర్భపు గనిలో పనికి పూనుకొనుటకు ముందు పైకప్పును కడ్డీతో తట్టి, ధ్వనిని విని, అది గట్టిగా నున్నదో లేదో తెలిసికొందురు. కూలిన పిమ్మట తట్టి లాభములేదు. ఒడంబడికలోని ప్రతి నిబంధనను సంతకమునకు ముందే అట్లు తట్టి చూడవలెను. దాని క్రింద బ్రతుకవలసిన ప్రజలకు ఆ పరీక్షలో పాల్గొను హక్కు కలదు. ఆ హక్కును నిలుపుకొనుటకు చదువు, ఓర్పు, ఐకమత్యము అవసరములు.