ఆ ఎర్రదీపం ఆరలేదు!

రోజూ పాపను స్కూల్లో దింపి, అదే కారులో ఆఫీసుకు వెళ్తాను. తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద, కూర్చున్న మనిషి ముందు బంతి ఉన్నట్టుండే ఎర్రదీపం వెలిగి, కొద్ది క్షణాల్లో ఆరిపోయేది. ఓ సోమవారం అది ఆరలేదు.

"బండి నడుస్తోందిగా, ఏం కాదులే" అన్నారు మావారు. దగ్గర్లోని షెడ్డుకు తీసుకెళ్తే, "బల్బు పీకేస్తాను మేడమ్, గొడవ వదిలిపోతుంది" అన్నాడు మెకానిక్. నాకు మనసొప్పలేదు. జ్వరమొస్తే థర్మామీటరు పగలగొట్టుకుంటామా?

మర్నాడు మరో చోటికి వెళ్లాను. అక్కడి పెద్దాయన, "ఈ దీపం ఆరలేదంటే గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగు తెరుచుకోకపోవచ్చమ్మా. ఇంకేదైనా తేడా గమనించారా?" అని అడిగాడు. స్టీరింగు ఓ పక్కకి తిప్పితే హారన్ మోగడం లేదని చెప్పాను. "అయితే దొరికినట్టే!" అన్నాడు.

స్కానర్ తగిలిస్తే డ్రైవర్ ఎయిర్‌బ్యాగు సర్క్యూట్‌లోనే లోపమని కోడ్ వచ్చింది. స్టీరింగు ఎటు తిరిగినా వైర్లు తెగకుండా దాని వెనక రిబ్బను చుట్టలాంటి కేబుల్ ఉంటుందట. పేరు క్లాక్ స్ప్రింగ్. హారన్‌కీ, ఎయిర్‌బ్యాగుకీ కరెంటు దాన్లోంచే వెళ్లాలి. తిరిగి తిరిగి అది కాస్తా తెగింది.

ఆయన వెంటనే చెయ్యి పెట్టలేదు. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి పది నిమిషాలు ఆగాడు. బ్యాటరీ తీసినా ఎయిర్‌బ్యాగు కంట్రోల్ పెట్టెలో కాసేపు కరెంటు నిలవుంటుందట. ఎయిర్‌బ్యాగుకు మామూలు మీటరు పెట్టి చూసినా అది పేలే ప్రమాదముందట. ఇది ఇంట్లో చేసుకునే రిపేరు కాదని అప్పుడర్థమైంది. కొత్త క్లాక్ స్ప్రింగ్ వేసి, కోడ్ చెరిపేశాక, దీపం వెలిగి బుద్ధిగా ఆరిపోయింది. హారనూ మోగింది!

మన దేశంలో 2019 జులై నుంచి తయారయ్యే కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగు తప్పనిసరి. అయితే ఉంటే చాలదు, పనిచేయాలి కదా! అందుకే తాళం తిప్పగానే ఆ దీపాన్ని ఓసారి చూడండి. ఆరకపోతే వెంటనే చూపించండి. అసలు వెలగకపోయినా అనుమానించాల్సిందే. సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడైతే మరీనూ. ఎవరైనా బల్బు పీకేసి ఉండొచ్చు! సీటు కింద కూడా ఎయిర్‌బ్యాగు, బెల్టు వైర్లుండొచ్చు. సంచులూ గొడుగులూ అక్కడ కుక్కకండి. ఎయిర్‌బ్యాగు ఉంది కదాని బెల్టు మానకండి.

ఇప్పుడు రోజూ వెనక సీట్లోంచి మా పాపే చెబుతుంది... "అమ్మా, దీపం ఆరింది, ఇక పద!"