గని రాకముందే ఆరోగ్యపు లెక్క

ఎద్దును కొనకముందు పండ్లు చూతుము. విత్తనము చల్లకముందు నాలుగు గింజలు మొలకెత్తించి చూతుము. ఊరిప్రక్కన గని త్రవ్వుదురన్నప్పుడు మాత్రము ఎకరమునకెంత పరిహారము, ఇంటికొక ఉద్యోగమిత్తురా అను రెండు ప్రశ్నలతోనే తృప్తిపడుచున్నాము. పిల్లల ఊపిరిని గూర్చియు, బావినీటిని గూర్చియు అడుగువారు మనలో అరుదు.

రామగుండము, గోదావరిఖని ప్రాంతమున సింగరేణి సంస్థవారు 1960 ప్రాంతమునుండి బొగ్గు త్రవ్వుచున్నారు. మొదట భూగర్భగనులే, తరువాత ఓపెన్‌కాస్టు గనులు వచ్చినవి. 1983లో ఎన్.టి.పి.సి. వారి విద్యుత్కేంద్రము పనిచేయ నారంభించినది. భూగర్భగని దుమ్ము హెచ్చుగా గనిలోనే యుండును. ఓపెన్‌కాస్టు దుమ్ము పొలిమేర దాటివచ్చును. పేలుళ్లవలనను, టిప్పర్లు తిరుగు బాటలవలనను, మట్టికుప్పలపై వీచు వేసవిగాలివలనను లేచెడి ధూళిలో కంటికి కనబడు ముతకరేణువులు చాలవరకు ముక్కునందును గొంతునందును ఆగును. కనబడని సూక్ష్మధూళి ఊపిరితిత్తుల లోతునకు పోవును. ఉబ్బసము, గుండెజబ్బు గలవారికి భయపడవలసినది దీనికే. అదిగాక, గనిగోతినుండి నీరు తోడివేయుటచేత సమీపపు బావులు దిగిపోవచ్చును.

గనిలో దిగు కార్మికునకు అయిదేండ్లకొకసారియైనను వైద్యపరీక్ష జరుగవలెనని 1955నాటి గనుల నిబంధనలు విధించినవి. గనిగట్టున పత్తి ఏరు స్త్రీకి అట్టి పరీక్షను ఎవరును విధింపలేదు. గాలి ఇద్దరికి నొకటియే గదా!

ఈ కొరతను తీర్చుటకు ఏర్పడిన పద్ధతియే ఆరోగ్య ప్రభావ మదింపు. ఒక గనికిగాని, బాటకుగాని, ప్రభుత్వ విధానమునకుగాని అనుమతి నీయకముందే దానివలన ఎవరి ఆరోగ్యమున కేమగునో విచారించి, కీడు తగ్గు మార్గమును నిర్ణయించుట దీని పని. థాయిలాండు దేశపు 2007నాటి రాజ్యాంగము (అది ఇప్పుడు అమలులో లేదు) తీవ్రహాని కలిగింపగల పరిశ్రమలకు దీనిని విధిచేసినది. ఆ విధిని పాటింపలేదని 2009లో అచ్చటి న్యాయస్థానము 76 పారిశ్రామిక పథకములను నిలిపివేసినది; పిదప కొన్నిటిని విడిచినది.

మన దేశమున 2006 సెప్టెంబరు 14వ తేదీ ఉత్తర్వు పర్యావరణమునకు మదింపు విధించినది. ఆరోగ్యమునకు ప్రత్యేకాధ్యాయము అందలి నివేదిక నమూనాలో లేదు. దరఖాస్తు నమూనాలో మాత్రము వ్యాధులలో మార్పు కలుగునా అని యొక ప్రశ్న గలదు. ఔననియో కాదనియో వ్రాసి రెండు ముక్కలతో ముగింపదగినది!

అయినను మన చేత ఒక ద్వారమున్నది: ప్రజాభిప్రాయ సేకరణ. కొన్ని విస్తరణలకు దానిని మినహాయించుచున్నారు గాని, జరిగినచోట దానిని వ్యర్థపుచ్చరాదు. ఆ ఉత్తర్వు ప్రకారము కలెక్టరుగాని ఆయన ప్రతినిధిగాని అధ్యక్షత వహించి, జరిగిన చర్చను చివర స్థానిక భాషలో చదివి వినిపింపవలెను. ఇంతమంది రావలెనను నియమము లేదు. పదిమంది వచ్చినను సభ సభయే. కనుక రానివారి మాట వ్రాతలోనికి రాదు.

కేకలు వేసివచ్చుటకంటె లెక్క పట్టుకొనిపోవుట మేలు. ఊరిలో ఉబ్బసము గలవారెందరు? రెండువారములకు మించి దగ్గువారెందరు? (అట్టివారిని క్షయపరీక్షకు వెంటనే పంపవలెను, సభకొరకు ఆగరాదు.) గర్భిణులెందరు? ఏ బావినీరు ఎన్ని యిండ్లవారు త్రాగుదురు? మే నెలలో నీరు ఎన్ని బారల లోతున నున్నది? బడి గనిబాటకు ఎంత దూరము? ఆశా కార్యకర్తను, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని పిలిచి, సంఘకార్యాలయముననే కూర్చుండి నెలనెలయు దీనిని వ్రాయవచ్చును. ఎరువుల ఖాతా వ్రాయు చేతికి ఇది బరువుగాదు. వ్యక్తుల పేర్లు బయటపెట్టక సంఖ్యలనే సభకు చూపవలెను.

గని వచ్చిన పిదప దగ్గు హెచ్చినదని చెప్పినచో, మునుపు లేదని ఋజువేదీ అని అడుగుదురు. అందుకు జవాబు ఈ ఖాతాయే. 2015నాటి చట్టసవరణచే ఏర్పడిన జిల్లా ఖనిజ నిధినుండి త్రాగునీటికిని వైద్యమునకును ధనము కోరునప్పుడును ఇదే ఆధారమగును.

సభకు ప్రకటనయైనపిమ్మట గడువు కనీసము 30 దినములు. ఒక యేడాది లెక్క అంతలో పుట్టదు గనుక ఇప్పుడే మొదలుపెట్టవలెను. విన్నపము రెండు ప్రతులు వ్రాసి, ఒకటి కాలుష్య నియంత్రణ మండలివారికిచ్చి, రెండవదానిపై ముట్టినట్లు ముద్రయు తేదీయు వేయించుకొనవలెను.