ఊరికి సొంత పోలీసు ఉండాలా?

అమెరికాలో స్థిరపడిన మన సంఘ కుటుంబాల్లో కొందరు చిన్న ఊళ్లలో ఉంటున్నారు. అలాంటి ఊళ్లలో అప్పుడప్పుడు ఒక చర్చ లేస్తుంది: మనకు సొంత పోలీసు శాఖ ఉంచుకుందామా, మూసేసి కౌంటీకి అప్పగిద్దామా?

ఇక్కడ మనకు ఆ ప్రశ్నే పుట్టదు. మన రాజ్యాంగంలో పోలీసు రాష్ట్ర జాబితాలోని అంశం. మునిసిపాలిటీలకు అప్పగించదగ్గ 18 పనులను పన్నెండో షెడ్యూలు చెబుతుంది. వాటిలో అగ్నిమాపక సేవ ఉంది గాని పోలీసు లేదు. ఎస్సైని ఊరికి పంపేదీ, బదిలీ చేసేదీ రాష్ట్ర పోలీసు శాఖే. మునిసిపల్ చైర్మన్‌కు అందులో అధికారం లేదు. సిఫారసుల సంగతి వేరు!

అమెరికాలో అలా కాదు. పోలీసులను నియమించి, జీతమిచ్చి, తీసేసే హక్కు చాలా ఊళ్లకు ఉంది. అక్కడి స్థానిక పోలీసు శాఖల్లో దాదాపు సగం పదిమంది అధికారులు కూడా లేనివే.

మిన్నెసోటా రాష్ట్రంలోని గుడ్‌హ్యూ అలాంటి ఊరే. జనాభా సుమారు 1,300. గంటకు 22 డాలర్లిస్తామంటే ఉద్యోగానికి ఎవరూ రావడం లేదని 2023లో పోలీసు చీఫ్ ఊరి కౌన్సిల్‌కు చెప్పారు. ఆ ఆగస్టులో ఆయనా, మిగిలిన అధికారులూ అందరూ రాజీనామా చేశారు. ఊరి భద్రత కౌంటీ షెరీఫ్ చేతికి వెళ్లింది.

ఎందుకిలా జరుగుతుందో లెక్క వేస్తే తెలుస్తుంది. వారానికి 168 గంటలు. ఒక మనిషి పనిచేసేది 40 గంటలు. సెలవులు, శిక్షణ రోజులు కలిపితే, రాత్రింబవళ్లు ఒక్క అధికారి డ్యూటీలో ఉండాలంటే ఐదుగురికి జీతమివ్వాలి. ఆపైన కార్లు, రేడియోలు, బీమా. ఇదంతా 1,300 మంది కట్టే పన్నుల్లోంచే రావాలి. బీమా చిన్న విషయం కాదు. కాలిఫోర్నియాలోని మేవుడ్ పట్టణం 2010లో బీమా రక్షణ కోల్పోయి పోలీసు శాఖనే మూసేసింది.

మరో దారి కౌంటీతో ఒప్పందం. కౌంటీ అంటే స్థూలంగా మన జిల్లా లాంటిది. దాని షెరీఫ్‌ను చాలా రాష్ట్రాల్లో ప్రజలే ఎన్నుకుంటారు. ఇన్ని గంటల కాపలాకు ఇంత సొమ్ము అని ఊరు మాట్లాడుకుంటుంది. కాలిఫోర్నియాలోని లేక్‌వుడ్ 1954లో ఏర్పడినప్పుడే ఈ పద్ధతి ఎంచుకుంది. తర్వాత చాలా ఊళ్లు దాన్నే అనుసరించాయి. ఖర్చు తగ్గవచ్చు. కానీ రాత్రి రెండు గంటలకు ఫోన్ చేస్తే, కారు ఇరవై మైళ్ల అవతల ఉండవచ్చు. పిల్లల్ని పేరుపెట్టి పిలిచే పోలీసు స్థానంలో, నెలకొకరు మారే కొత్తముఖం రావచ్చు.

అలాగని సొంత పోలీసు ఉంటే చాలు, మేలే జరుగుతుందని నేననను. మిస్సోరీలోని ఫెర్గుసన్ సుమారు 21 వేల మంది ఉన్న పట్టణం. అక్కడి పోలీసులపై అమెరికా న్యాయశాఖ 2015 మార్చిలో నివేదిక ఇచ్చింది. పట్టణ సాధారణ నిధి 13.26 మిలియన్ డాలర్లయితే, అందులో 3.09 మిలియన్లు జరిమానాలు, ఫీజుల ద్వారానే రావాలని ఆ ఏడాది బడ్జెట్ వేసుకున్నారు. ఎన్ని టికెట్లు రాశారన్నదాన్ని బట్టి అధికారుల పనితీరును కొలిచారు. జనాభాలో నల్లజాతివారు 67 శాతం, టికెట్లలో వారి వాటా 90 శాతం. దగ్గరలోని జెన్నింగ్స్ పట్టణం 2011లోనే తన పోలీసు శాఖను రద్దుచేసి కౌంటీకి అప్పగించింది.

బాప్తిస్మమిచ్చు యోహాను సైనికులను హెచ్చరించినప్పుడు (లూకా 3:14) జులుమునూ జీతాన్నీ కలిపే మాట్లాడాడు. ఫెర్గుసన్‌లో ఆ హెచ్చరిక పోలీసుకంటే ముందు, ఖజానా నింపమని అతణ్ణి వీధిలోకి పంపిన సిటీ హాలుకు తగులుతుంది.

కాబట్టి ఈ చర్చ వచ్చిన ఊళ్లో మనవాళ్లు ఉంటే, అది తెల్లవాళ్ల గొడవ అని ఇంట్లో కూర్చోవద్దు. పౌరసత్వం రానివారికి చాలాచోట్ల ఓటుండదు గాని, కౌన్సిల్ సమావేశాలు బహిరంగంగానే జరుగుతాయి, సాధారణంగా ఊరివారెవరైనా లేచి రెండు మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. అడగవలసినవి సూటిగా అడగండి. జరిమానాల సొమ్ము బడ్జెట్‌లో ఎంత? అర్ధరాత్రి మన వీధికి కారు ఎంతసేపట్లో వస్తుంది? అధికారి తప్పు చేస్తే ఫిర్యాదు ఎవరు వింటారు? ఒప్పందం నచ్చకపోతే బయటపడే దారి ఉందా? ఈ చివరి ప్రశ్నను ఎక్కువమంది మరచిపోతారు. కార్లూ ఆయుధాలూ అమ్మేసి, అనుభవమున్న అధికారులను పంపేశాక మళ్లీ సొంత శాఖ పెట్టుకోవాలంటే, మూసినప్పుడు మిగిలిన డబ్బు దానికి చాలకపోవచ్చు.