రొయ్య గుల్ల మెత్తబడితే ముందు నీరు చూడండి

విసురు వలలో పడిన రొయ్యను రెండు వేళ్లతో నొక్కితే గుల్ల తడిసిన కాగితంలా లోపలికి పోతుంది. మేత తింటూనే ఉంది, ఈదుతూనే ఉంది, గుల్ల మాత్రం గట్టిపడదు. బోరు నీటి మీద వెనామీ వేసిన ఎకరం, రెండెకరాల రైతుకు ఇది కంటి మీద కునుకు లేకుండా చేసే సమస్య. మెత్త రొయ్యను కొనుగోలుదారు పక్కన పెట్టి ధర కోస్తాడు. చెరువులో ఉంచితే గట్టి రొయ్యలు దాన్ని పీక్కు తింటాయి. మేత బాకీ, కౌలు బాకీ మాత్రం తగ్గవు.

ఇలాంటప్పుడు చాలామంది మొదట వెళ్లేది మందుల షాపుకే. "గుల్ల గట్టిపడటానికి ఏదైనా ఇవ్వండి" అంటే షాపులో లేదనేవారు ఉండరు. నాలుగు రకాల డబ్బాలు చెరువుకు చేరతాయి. అయితే ఉప్పు తక్కువగా ఉన్న చెరువుల్లో మెత్త గుల్లకు తరచూ కారణం రోగం కాదు, నీటిలో ఖనిజాల లోటు. ఆ లోటు ఏదో, ఎంతో తెలియకుండా ఏది వేసినా డబ్బు నీళ్లలో పోసినట్టే.

సముద్రపు జీవి, బోరు నీరు

వెనామీ పుట్టిల్లు లాటిన్ అమెరికా పసిఫిక్ తీరం. మన దేశంలో వాణిజ్య సాగుకు 2009లో అనుమతి వచ్చింది. అంతకుముందు టైగర్ రొయ్యను తెల్లమచ్చ వ్యాధి దెబ్బతీయడంతో రైతులు త్వరగా దీనివైపు మళ్లారు. తక్కువ ఉప్పు నీటిలోనూ బతుకుతుంది కనుక తీరానికి దూరంగా ఉన్న ఊళ్లకూ పాకింది. అయితే బతకడం వేరు, గట్టి గుల్ల కట్టడం వేరు.

ఇళ్లలో గాజు తొట్టెల్లో మెత్త పగడాలను పెంచే సరదా కొందరికి ఉంది. పగడం ముడుచుకుపోయి విచ్చుకోకపోతే, తెలిసినవారు మందు పోయరు. ముందు నీటిని పరీక్షిస్తారు. ఉప్పు, కాల్షియం, మెగ్నీషియం, క్షారత లెక్క చూసి, తగ్గినదాన్ని కొంచెం కొంచెంగా సరిచేస్తారు. సముద్రంలో సముద్రమే చూసుకునే పని తొట్టెలో మనిషి చూసుకోవాలి. మన చెరువూ ఒక పెద్ద తొట్టే. పద్ధతి కూడా అదే.

ఏది మామూలు, ఏది సమస్య

రొయ్య పెరగాలంటే పాత గుల్ల విడవాలి. పిల్లలు తరచుగా విడుస్తాయి, పెద్దవి సుమారు రెండు వారాలకోసారి. విడిచిన వెంటనే గుల్ల మెత్తగా ఉండటం సహజం. ఆరోగ్యంగా ఉన్న రొయ్యకు ఒకటి రెండు రోజుల్లో గట్టిపడుతుంది. గట్టిపడటానికి కావలసిన కాల్షియంలో ఎక్కువ భాగాన్ని అది నీటి నుంచే తీసుకుంటుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర చాలా రొయ్యలు ఒకేసారి గుల్ల విడవడం రైతులకు అనుభవమే. కాబట్టి ఆ రోజుల్లో ఒక్క వల చూసి కంగారు పడొద్దు. మూడు రోజుల తర్వాత మళ్లీ విసరండి. అప్పటికీ ఎక్కువ రొయ్యలు మెత్తగానే ఉంటే సమస్య ఉన్నట్టే.

వల నుంచి తీయగానే రొయ్య ఒళ్లు వంకరపోయి బిగుసుకోవడం, తోక కండ తెల్లబడటం కూడా ఖనిజాల లోటుకు గుర్తులు కావచ్చు. గుల్లపై తెల్లమచ్చలు, గట్టున చావులు, తెల్ల రెట్ట, పెరుగుదల ఆగిపోవడం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా రొయ్యలను ల్యాబులో పీసీఆర్ పరీక్షకు ఇవ్వాలి. అది వేరే సమస్య. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆ చెరువు నీరు బయటకు వదలొద్దు.

నీటి పరీక్ష ఎలా

శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసాను చెరువు నీటితోనే మూడుసార్లు కడగాలి. గట్టుకు దూరంగా, అడుగు లోతు నుంచి నీరు నింపి అదే రోజు ల్యాబుకు ఇవ్వాలి. సెలినిటీ, క్షారత, కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం ఈ అయిదూ చూడమని అడగాలి. ఒక్క పీహెచ్ చూసి పంపితే సరిపోదు.

కాగితం చేతికొచ్చాక ఇలా లెక్క వేసుకోవాలి. సెలినిటీని 11.6తో గుణిస్తే ఉండాల్సిన కాల్షియం, 39తో గుణిస్తే మెగ్నీషియం, 10.7తో గుణిస్తే పొటాషియం పీపీఎంలలో వస్తాయి. సముద్రపు నీటిలో ఇవి ఉండే పాళ్ల నుంచి వచ్చిన లెక్క ఇది. సెలినిటీ 5 ఉంటే కాల్షియం 58, మెగ్నీషియం 195, పొటాషియం 54 దగ్గర ఉండాలి.

బోరు నీటిలో తరచూ కాల్షియం సరిపడా, ఒక్కోసారి ఎక్కువగానే ఉంటుంది. తక్కువయ్యేవి పొటాషియం, మెగ్నీషియం. గుల్ల మెత్తబడిందని అందరూ సున్నం మీద సున్నం వేస్తారు, లోటు మాత్రం వేరేచోట ఉంటుంది.

పొటాష్ లెక్క

ఎకరం చెరువులో నాలుగడుగుల నీరుంటే సుమారు 49 లక్షల లీటర్లు. అందులో ఏ ఖనిజాన్నయినా 1 పీపీఎం పెంచాలంటే ఆ ఖనిజం సుమారు 5 కిలోలు కావాలి. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో పొటాషియం సగం. అంటే 1 పీపీఎంకు 10 కిలోల పొటాష్.

ఉదాహరణకు పొటాషియం 54 ఉండాల్సిన చోట 34 ఉందనుకుందాం. లోటు 20. ఎకరానికి 200 కిలోలు కావాలి. మూడడుగుల నీరే ఉంటే 150 కిలోలు చాలు. ఇదంతా ఒక్కరోజే పోయకూడదు. రోజుకు 25 కిలోలకు మించకుండా డ్రమ్ములో బాగా కరిగించి, ఉదయం ఏరియేటర్లు తిరుగుతుండగా చెరువంతా చల్లాలి. బంకమట్టి నేలలు పొటాషియంలో కొంత పట్టేస్తాయి. అందుకని సగం వేశాక ఓసారి నీరు పరీక్ష చేయించి, మిగతాది ఆ కాగితం చూసి వేసుకోవాలి.

మెగ్నీషియం విషయంలో జేబు కూడా చూసుకోవాలి. మామూలు మెగ్నీషియం సల్ఫేటులో మెగ్నీషియం పదో వంతే. ఎకరంలో 10 పీపీఎం పెంచడానికే అర టన్ను దాకా పడుతుంది. "ఎకరానికి రెండు కిలోలు చాలు" అని అమ్మే మినరల్ పొడితో ఈ లోటు తీరదని ఈ లెక్కే చెబుతుంది. చిన్న రైతు ముందు పొటాషియం సరిచేసి, మెగ్నీషియం లోటు బాగా ఎక్కువగా ఉంటేనే విడతలుగా వేసుకోవడం మంచిది.

క్షారత, ఆక్సిజన్, మేత

క్షారత 100 పీపీఎంకు తగ్గకుండా చూడాలి. తగ్గితే పీహెచ్ ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా ఊగుతుంది, గుల్ల కట్టడమూ మందగిస్తుంది. పీహెచ్ 8.3 దాటిన నీటిలో వ్యవసాయ సున్నం సరిగా కరగదు. అలాంటి చోట సోడియం బైకార్బనేట్ నయం. ఎకరంలో క్షారత 10 పీపీఎం పెరగడానికి సుమారు 80 కిలోలు పడుతుంది. దీన్నీ విడతలుగానే వేయాలి.

గుల్ల విడిచే వేళ రొయ్యకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి. ఆ రాత్రుళ్లు కరెంటు బిల్లు చూసి ఏరియేటర్లు ఆపొద్దు. తెల్లవారుజామున డీఓ 4కు తగ్గకూడదు. గుల్ల విడిచే రోజు మేత కొంత తగ్గించి, చెక్ ట్రే చూసి మళ్లీ పెంచాలి. రోజుల తరబడి కడుపు మాడ్చినా గుల్ల గట్టిపడదు. పెద్ద వాన పడితే పైనీటిని తూము ద్వారా తీసేసి, మర్నాడే సెలినిటీ, క్షారత చూసుకోవాలి. అయితే ఉప్పునీరు పక్క వరి చేలలోకి, పంట కాలువలోకి పోకుండా చూడటం మన బాధ్యత.

యాంటీబయాటిక్ జోలికి పోవద్దు

ఖనిజాల లోటుకు యాంటీబయాటిక్ పని చేయదు. పైగా క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటివి రొయ్యల సాగులో నిషిద్ధం. వాటి అవశేషాలు దొరికితే విదేశాల్లో సరుకును తిప్పి పంపుతారు. ఒక చెరువులో చేసిన పనికి ఆ ప్రాంతపు రొయ్యకే చెడ్డపేరు వస్తుంది. పేరు, మోతాదు రాయని డబ్బా ఎవరిచ్చినా చెరువులో వేయొద్దు.

పట్టాలా, ఆగాలా?

మెత్త గుల్ల కనబడగానే భయపడి అయినకాడికి పట్టేసేవారున్నారు. రొయ్య మేత తింటూ, చావులు లేకుండా, పీసీఆర్ బాగుంటే ఆగవచ్చు. నీరు సరిచేసిన ఫలితం పూర్తిగా కనిపించేది తర్వాతి గుల్లలోనే. అంటే రెండు వారాలు ఓపిక పట్టాలి. మేత మానేసి, రోజూ గట్టున చావులు కనిపిస్తుంటే మాత్రం ల్యాబు వారితో మాట్లాడి పట్టుబడి నిర్ణయం వెంటనే తీసుకోవాలి.

అన్నిటికన్నా మేలు, సీడ్ వేయకముందే బోరు నీరు పరీక్ష చేయించడం. లోటు ముందే తెలిస్తే ఖర్చు పెట్టుబడిలో కలుపుకోవచ్చు, మరీ ఎక్కువగా ఉంటే ఆ బోరు మీద రొయ్య వేయకుండా ఆగవచ్చు. సీడ్ వేశాక పదిహేను రోజులకోసారి పరీక్ష చేయించి, అంకెలన్నీ తేదీతో ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. రెండు పంటలు గడిచేసరికి మీ చెరువుకు ఏ నెలలో ఏది తగ్గుతుందో ఆ పుస్తకమే చెబుతుంది.