వసూళ్లు దాదాపు ఒకటే, ఫలితాలే వేరు

1981 జూన్‌లో విడుదలైన 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్', తర్వాత మళ్లీ మళ్లీ విడుదలైనప్పటి వసూళ్లు కూడా కలుపుకుని, ప్రపంచవ్యాప్తంగా దాదాపు 39 కోట్ల డాలర్లు రాబట్టింది. అదే ఇండియానా జోన్స్ పాత్రతో 2023 జూన్ 30న వచ్చిన ఐదో భాగం 'డయల్ ఆఫ్ డెస్టినీ'కి వచ్చినవి 38 కోట్ల 40 లక్షల డాలర్లు. మొదటిది హాలీవుడ్‌లో గొప్ప లాభాలు తెచ్చిన సినిమాల్లో ఒకటిగా నిలిచింది. ఐదోది 2023లో అత్యధికంగా నష్టపోయిన చిత్రాల జాబితాలో చేరింది. నలభై రెండేళ్లలో డాలరు విలువ మూడో వంతు కన్నా కిందికి పడిపోయిన మాట నిజమే. అయినా నష్టానికి అసలు కారణం వసూళ్లలో కన్నా ఖర్చులోనే ఎక్కువగా కనిపిస్తుంది.

మొదటి సినిమాకు దాదాపు 2 కోట్ల డాలర్లు ఖర్చయింది. నేటి విలువలో లెక్కించినా అది సుమారు 7 కోట్లే. అంతకుముందు తీసిన '1941' బడ్జెట్ దాటిపోయి దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్‌కు చెడ్డపేరు వచ్చింది. అందుకే ఈసారి ఆయన పట్టుదలగా 73 రోజుల్లో చిత్రీకరణ ముగించాడు. కథలో కనిపించే జలాంతర్గామిని కొత్తగా కట్టించకుండా, 'దాస్ బూట్' అనే జర్మన్ సినిమా కోసం తయారైనదాన్ని అద్దెకు తెచ్చారు. ట్యునీషియాలో హీరో హారిసన్ ఫోర్డ్ కడుపునొప్పి, విరేచనాలతో నీరసించినప్పుడు, పెద్ద కత్తియుద్ధంగా అనుకున్న ఘట్టాన్ని ఒక్క తుపాకీ గుండుతో ముగించేశారు. థియేటర్లలో జనం పగలబడి నవ్విన సన్నివేశాల్లో అదొకటి. పొదుపు కథకు అడ్డు రాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

తర్వాతి భాగాల ఖర్చు మెట్లు ఎక్కుతూ పోయింది. 1984 నాటి 'టెంపుల్ ఆఫ్ డూమ్'కు 2 కోట్ల 80 లక్షలు, 1989 నాటి 'లాస్ట్ క్రూసేడ్'కు 4 కోట్ల 80 లక్షల డాలర్లు అయ్యాయి. పందొమ్మిదేళ్ల విరామం తర్వాత 2008లో వచ్చిన నాలుగో భాగానికి అది ఒక్కసారిగా 18 కోట్ల 50 లక్షలకు చేరింది. కానీ ఆ సినిమా దాదాపు 79 కోట్లు వసూలు చేసింది. పైగా నిర్మాత జార్జ్ లూకాస్, స్పీల్‌బర్గ్, ఫోర్డ్ ముగ్గురూ ముందుగా పెద్ద పారితోషికం తీసుకోకుండా, పారమౌంట్ స్టూడియో పెట్టుబడి వెనక్కి వచ్చాక వాటా తీసుకునేలా ఒప్పందం చేసుకున్నారు. దాంతో సినిమా ఆడకపోయినా స్టూడియో మీద భారం కొంత తేలికగా ఉండేది.

ఈ సినిమాలు తీసిన లూకాస్‌ఫిల్మ్‌ను డిస్నీ 2012లో కొన్నది. ఐదో భాగం డిస్నీ చేతుల మీదుగా వచ్చింది. మొదట 2019 జూలైలో విడుదల చేస్తామన్నారు. కథ కుదరక, తేదీలు మారుతూ పోయాయి. 2020లో స్పీల్‌బర్గ్ దర్శకత్వం నుంచి తప్పుకోగా జేమ్స్ మాన్‌గోల్డ్ వచ్చాడు. 2021లో బ్రిటన్‌లో చిత్రీకరణ మొదలైన కొద్ది వారాలకే ఫోర్డ్ భుజానికి గాయమైంది. అప్పటికి కోవిడ్ జాగ్రత్తల ఖర్చు కూడా ప్రతి యూనిట్ మీదా పడుతోంది. సినిమా ఆరంభంలోని 1944 నాటి ఘట్టం కోసం, ఎనభయ్యో పడికి చేరువైన నటుణ్ని కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో నడివయస్కుడిగా చూపించారు. అర్హమైన ఖర్చులో నాలుగో వంతు దాకా బ్రిటన్ ప్రభుత్వం పన్ను రాయితీగా తిరిగి ఇచ్చేది. అయినా బడ్జెట్ 30 కోట్ల డాలర్ల దరిదాపుల్లో తేలింది.

ఇక్కడ గ్రాస్‌కూ (టికెట్ల మొత్తం వసూళ్లు) షేర్‌కూ (స్టూడియోకు చేరే వాటా) ఉన్న తేడా ముఖ్యం. తెలుగు సినిమా వ్యాపారాన్ని గమనించేవారికి ఈ లెక్క కొత్త కాదు. టికెట్ల మీద వచ్చిన మొత్తంలో అమెరికాలో సుమారు సగం, ఇతర దేశాల్లో సగటున 40 శాతం స్టూడియోకు చేరుతుంది. చైనాలో అది 25 శాతం మాత్రమే. 'డయల్ ఆఫ్ డెస్టినీ'కి ఉత్తర అమెరికాలో 17 కోట్ల 45 లక్షలు, మిగతా దేశాల్లో దాదాపు 21 కోట్లు వచ్చాయి. పై నిష్పత్తులతో లెక్కిస్తే స్టూడియో షేర్ సుమారు 17 కోట్ల డాలర్లే. అంటే ప్రచార ఖర్చును లెక్కలోకి తీసుకోకముందే 13 కోట్ల లోటు. ఈ స్థాయి సినిమాకు ప్రపంచవ్యాప్త ప్రచారానికే 10 కోట్ల డాలర్లు దాటడం మామూలే. ఓటీటీ, టీవీ, డిస్క్ అమ్మకాల రాబడి కలిపాక కూడా నికర నష్టం 14 కోట్ల 30 లక్షల డాలర్లని ట్రేడ్ పత్రిక డెడ్‌లైన్ అంచనా వేసింది.

బడ్జెట్‌కు రెండున్నర రెట్ల గ్రాస్ వస్తే బ్రేక్ ఈవెన్ అన్నది హాలీవుడ్‌లో మోటు లెక్క. దాని ప్రకారం ఈ సినిమాకు 75 కోట్లు రావాలి. మరో మాటలో చెప్పాలంటే, 2008 నాటి విజయం మళ్లీ వస్తేనే పెట్టుబడి తిరిగొచ్చేలా ఖర్చు పెట్టారు. అలాంటి విజయం మళ్లీ వస్తుందన్న నమ్మకమే దెబ్బతీసింది. నాలుగో భాగానికి మొదటి శుక్ర, శని, ఆదివారాల్లో అమెరికాలో 10 కోట్ల డాలర్లు వస్తే, ఐదో భాగానికి 6 కోట్లే వచ్చాయి. తొలి మూడు సినిమాలను థియేటర్లో చూసి పెరిగిన తరం వయసు మళ్లింది. యువతకు ఇండియానా జోన్స్ అంటే తండ్రి చెప్పగా విన్న పేరు మాత్రమే. మే నెలలో కాన్ చిత్రోత్సవంలో వేసిన ప్రదర్శనకు మిశ్రమ సమీక్షలు రావడంతో విడుదలకు ఆరు వారాల ముందే ఉత్సాహం చల్లబడింది. జూలై 12న 'మిషన్ ఇంపాజిబుల్', 21న 'బార్బీ', 'ఓపెన్‌హైమర్' వచ్చి స్క్రీన్లను లాగేసుకున్నాయి. ఆ 'మిషన్ ఇంపాజిబుల్' కూడా దాదాపు 29 కోట్ల బడ్జెట్‌తో తీసి, 57 కోట్ల దగ్గరే ఆగిపోయింది. ఆ ఏడాది ఖర్చు హద్దు దాటిన సాహస చిత్రం ఇదొక్కటే కాదన్నమాట.

నష్టం సినిమా ఖాతాలో పడినా, పాత్ర మీద హక్కులు డిస్నీ దగ్గరే ఉన్నాయి. 2023 డిసెంబరులో చిత్రం డిస్నీ ప్లస్‌లోకి వచ్చింది. మరుసటి ఏడాది డిసెంబరులో ఇండియానా జోన్స్ పేరుతో కొత్త వీడియోగేమ్ విడుదలైంది. ఫ్లోరిడాలోని యానిమల్ కింగ్‌డమ్ పార్కులో ఈ పాత్రతో కొత్త రైడ్ కట్టనున్నట్లు 2024 ఆగస్టులో సంస్థ ప్రకటించింది.